‘సస్పెన్స్’ విశేషణంగా ఉన్న రోజులు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుకని ఈసారి శీర్షికంతా ఆ మాటకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ఇంటర్మీడియట్ పిల్లలకు 30 ఏళ్లకు పైగా కామర్సు చెప్పి రిటైరయ్యాను. అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్సు, రెండు వైపులా కలవకపోతే తేడాను అనామతు ఖాతాలో, అంటే సస్పెన్స్ అకౌంటులో వేయాలని ఎంతోమందికి నేర్పాను. బి.ఏ. చదువుతున్న మా మనవరాలు మొన్న ఇంగ్లీషు కవి మిల్టన్ కావ్యం తెచ్చి, ‘ఎక్స్‌పెక్టేషన్ హెల్డ్ హిజ్ లుక్ సస్పెన్స్’ అన్న వాక్యం చూపించి, ‘తాతయ్యా, ఇక్కడ సస్పెండెడ్ అని ఉండాలి కదా, ఇది అచ్చుతప్పేనా’ అని అడిగింది. నాకు తెలిసినంతవరకు సస్పెన్స్ నామవాచకమే. ఇంతకీ ఇది అచ్చుతప్పేనా? కాకపోతే నేను చెప్పిన ఖాతాకూ ఆ కవి చెప్పిన చూపుకూ సంబంధమేమిటి?

జవాబు: అచ్చుతప్పు కాదు. అయినా ఆ చోట ఏదో తేడాగా ఉందని మీ మనవరాలి చెవికి తట్టింది చూశారా, అది మంచి చదువరి లక్షణమని ఆమెకు నా మాటగా చెప్పండి. నేటి ఇంగ్లీషులో ‘సస్పెన్స్’ నామవాచకం మాత్రమే. మిల్టన్ కాలంలో అది విశేషణం కూడా. ‘హెల్డ్ ద డోర్ ఓపెన్’ అన్నప్పుడు ‘ఓపెన్’ అనే మాట తలుపుకు ఎలా విశేషణమవుతుందో, ఈ వాక్యంలో ‘సస్పెన్స్’ అనే మాట చూపుకు అలాగే విశేషణమైంది. తలుపును తెరిచి పట్టుకున్నట్టుగా, ఎదురుచూపు అతని చూపును ఎటూ వాలనీయకుండా పట్టుకుంది.

సందర్భం తెలిస్తే ఆ మాట బరువు ఇంకా బాగా తెలుస్తుంది. 1667లో అచ్చయిన ‘పారడైజ్ లాస్ట్’ రెండో భాగంలో, స్వర్గం నుంచి పడిపోయిన దేవదూతలు నరకంలో సభ తీర్చి, ఇక మీదట ఏం చేయాలని తర్కించుకుంటారు. వారిలో ఒకడైన బీల్జిబబ్ లేచి, కొత్తగా సృష్టి అయిన లోకమొకటి ఉందట, దాన్ని వెతుక్కుంటూ ఆ చీకటిలోకి వెళ్లేదెవరని అడిగి కూర్చుంటాడు. ఎవరు సై అంటారో, ఎవరు అడ్డు చెబుతారో, ఎవరు ముందుకొస్తారో అని అతను సభ వంక చూస్తుంటే ఒక్కరూ నోరు మెదపరు. ఆ క్షణంలో అతని చూపు ఏ ఒక్కరి మీదా ఆగలేదు, వెనక్కీ మళ్లలేదు. చూపు పోయిన తరువాత, ఒకరికి చెప్పి రాయించుకున్న కవి ఒక చూపును ఇంత దగ్గరగా పట్టుకోవడం నన్ను ఎప్పుడు చదివినా కదిలిస్తుంది.

ఈ విశేషణం ఇంగ్లీషులోకి లాటిన్ నుంచి, కొంత ఫ్రెంచి దారిలో వచ్చింది. లాటిన్‌లో ‘సస్పెండెరె’ అంటే పైకి కట్టి వేలాడదీయడం. దాని నుంచి పుట్టిన ‘సస్పెన్సుస్’ అంటే వేలాడదీయబడినది. ఇది మన వ్యాకరణంలో కర్మణి రూపం వంటిది. వేలాడే వస్తువు తనంతట తాను వేలాడడం లేదు, దాన్ని ఇంకొకరు వేలాడదీశారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే, ఈ మాటకు తరువాత వచ్చిన అర్థాలన్నీ చిక్కు లేకుండా విడిపోతాయి. లాటిన్ రచయితలు అలికిడి కాకుండా వేసే అడుగును కూడా ఈ మాటతోనే చెప్పారు. మునివేళ్ల మీద నడిచేవాడి పాదం నేల మీద పూర్తిగా ఆనదు. తీసిన అడుగు ఇంకా పడలేదు, ఎక్కడ పడుతుందో కూడా తేలలేదు. పడకపోవడం ఆలస్యమైతే తేలకపోవడం సందేహం. ఒకే పాదం గాలిలో ఉన్నప్పుడు ఈ రెండూ కలిసే ఉంటాయి. ఈ విశేషణానికి రెండు అర్థాలున్నాయని నిఘంటువులు విడదీసి చెబుతున్నా, నా దృష్టిలో అవి ఒకే దృశ్యాన్ని రెండు వైపుల నుంచి చూడడం మాత్రమే.

మిల్టన్ ఈ మాటను అదే కావ్యంలో ఇంకో రెండు చోట్ల వాడాడు. ఆరో భాగంలో దేవదూతల యుద్ధం జరుగుతుంటుంది. శత్రుపక్షం చక్రాల మీద కంచుతో, ఇనుముతో, రాయితో చేసిన స్తంభాల వంటివి తెచ్చి నిలుపుతుంది. ఒక్కోదాని వెనక ఒక్కో దూత, కొసన నిప్పు వెలుగుతున్న రెల్లుపుల్ల పట్టుకుని నిలబడతాడు. అవి ఫిరంగులని దేవుని పక్షం వారికి తెలియదు. ‘వైల్ వియ్ సస్పెన్స్’ అంటాడు కథ చెబుతున్న దేవదూత రఫేల్. మేము ఏమీ తేల్చుకోలేక, ఆలోచనలో మునిగి నిలబడిపోయాము అని దాని భావం. ఇక్కడ సందేహం పాలు ఎక్కువ.

ఏడో భాగంలో మాత్రం ఆలస్యం పాలు ఎక్కువ. సృష్టి ఎలా జరిగిందో చెప్పమని ఆదాము రఫేల్‌ను అడుగుతూ, పొద్దు వాలుతోంది కానీ ఇంకా చాలా దారి మిగిలే ఉంది, నీ గొంతుకు కట్టుబడి సూర్యుడు ‘సస్పెన్స్ ఇన్ హెవెన్’ వింటున్నాడు అంటాడు. ఆ వెంటనే, తన పుట్టుక కథ నీ నోట వినడానికి అతను ఇంకా ఆలస్యం చేస్తాడు అని కూడా అంటాడు. ‘డిలే’ అనే క్రియ అక్కడే, రెండు పాదాల తరువాతే ఉంది. విశేషణానికి అర్థం కవే చెప్పినట్టయింది. సూర్యుణ్ణి ఆపిన కథ మనకూ ఉంది. సుమతి తన భర్త కోసం శపించి సూర్యోదయాన్నే ఆపేసింది. అక్కడ ఆపినది శాపం, ఇక్కడ ఆపినది వినాలన్న కోరిక. ఆపినది ఏదైనా, సూర్యుడు ఆగింది తన బద్ధకం వల్ల కాదు.

మిల్టన్ కంటే ముందే, 1593లో, చర్చి కట్టుబాట్ల గురించి రాసిన రిచర్డ్ హుకర్ ఈ విశేషణాన్ని ఇంకో ఛాయలో వాడాడు. కొన్ని నియమాలను ‘వేరీ అండ్ సస్పెన్స్ మేనర్’లో, అంటే అందరూ కూడి చర్చించుకునే దాకా మాత్రమే అమల్లో ఉండేటట్టు జాగ్రత్తపడి పెట్టి ఉంటే బాగుండేదని అతని అభిప్రాయం. దీనికి తెలుగులో ‘ఆచితూచి’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది. నిర్ణయం చేయలేకపోవడం వేరు, చివరి మాట ఇప్పుడే అనకూడదని ఆగడం వేరు. హుకర్ చెప్పింది రెండోదాన్ని, దానిని తప్పుగా కాక గుణంగా చెప్పాడు. నాకు ఈ ఛాయ అన్నిటికంటే ఇష్టం.

1755లో సామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో దీనిని విశేషణంగా విడిగా ఇచ్చి, ముందుకు సాగకుండా ఆపబడినది అన్న అర్థాన్ని ఒకటిగా, సందేహంలోనో ఎదురుచూపులోనో నిలపబడినది అన్న అర్థాన్ని రెండోదిగా చూపాడు. ఆపబడినది, నిలపబడినది అని రెండింట్లోనూ కర్మణి రూపమే ఉందని గమనించండి. తరువాతి కాలంలో ఈ విశేషణం క్రమంగా వాడుక తప్పి, దాని చోటును ‘సస్పెండెడ్’ వంటి మాటలు తీసుకున్నాయి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టులో నేను కొన్న నిఘంటువులో ఈ అర్థం పక్కన, వాడుక పోయిందని తెలిపే చిన్న బాకు గుర్తు ఉంది.

ఇక మీ ఖాతా. అంకణాలో ఖర్చు వైపు మొత్తం 84,050 రూపాయలు, జమ వైపు మొత్తం 84,500 రూపాయలు వచ్చాయనుకుందాం. తేడా 450. ఆ 450ని అనామతు ఖాతాలో ఖర్చు వైపు వేసి రెండు వైపులనూ సమానం చేస్తాం. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడుతోంది కనుక ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. వెనక్కి వెళ్లి చూస్తే, ఖర్చు వైపు 610 అని రాయవలసిన చోట 160 అని పడి ఉంటుంది. అది దిద్దగానే అనామతు ఖాతా మూతపడుతుంది. తప్పు దొరికే దాకా ఆ 450 రూపాయలు ఏ పద్దుకూ చెందకుండా గాలిలో ఉన్నాయి. అసలు పద్దులోకి చేరడం ఆలస్యమైంది, ఏ పద్దులోకి చేరాలో సందేహంగా ఉంది. కవి చెప్పిన చూపు ఎవరి మీద వాలాలో తేలక ఆగింది, మీ 450 ఏ ఖాతాలో వాలాలో తేలక ఆగింది. మీరు 30 ఏళ్లు చెప్పిన పాఠంలో ఈ పాత అర్థం చెక్కుచెదరకుండా ఉందన్నమాట. మీ మనవరాలికి మిల్టన్ చెప్పడానికి మీకంటే తగినవారు లేరు.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురం నుంచి రాస్తున్నాను. సస్పెన్స్‌కు పత్రికలు ‘ఉత్కంఠ’ అని రాస్తున్నాయి. అది సరైన మాటేనా? ఆలస్యమూ సందేహమూ రెండూ వచ్చేటట్టు చెప్పగల తెలుగు మాట ఉందా?

జవాబు: ఉత్కంఠ మంచి మాటే కానీ, సస్పెన్స్‌లో అది ఒక పక్కను మాత్రమే పట్టుకుంటుంది. కంఠం పైకెత్తడం ఉత్కంఠ. దారి వైపు మెడ సాచి చూడడం అని దానిలోని బొమ్మ. సంస్కృత కావ్యాల్లో అది ఎక్కువగా ప్రియమైనవారి కోసం పడే ఆరాటం. క్రికెట్ ఆట చివరి ఓవరుకు, ఎన్నికల లెక్కింపుకు మనం దాన్ని వాడుతున్నాం, అది బాగానే కుదిరింది. అయితే ఉత్కంఠ చూసేవాడిది. సస్పెన్స్ అనే పాత విశేషణం చూసేవాడికే కాదు, తేలకుండా ఉన్న వస్తువుకూ వర్తించేది. ఆటను చూసేవాడిది ఉత్కంఠ, ఆట ఫలితానిది ఇంకేదో స్థితి. ఆ రెండో దానికి మాట వెతకాలి.

వెతికితే మనకు దొరికే మొదటి మాట ‘విలంబం’. అందులోని ‘లంబ్’ ధాతువుకు వేలాడడమని అర్థం. నిలువుగా వేలాడే గీత లంబం, పట్టుకుని వేలాడడానికి దొరికేది ఆలంబన, ఒక దారిని పట్టుకోవడం అవలంబించడం. కిందికి వేలాడడమే విలంబమై, ఆ వేలాడడమే ఆలస్యమైంది. లాటిన్ వారు వేలాడదీయడం నుంచి ఆలస్యానికి నడిచిన దారినే సంస్కృతం వారూ నడిచారు, ఎవరూ ఎవరిని చూసీ కాదు. 2018 ఉగాదితో మొదలైన సంవత్సరానికి విలంబి అనే పేరు. సంగీతం నేర్చుకున్నవారికి విలంబ కాలం తెలుసు. నెమ్మదిగా సాగే ఆ లయలో స్వరం ఆలస్యంగా రావడం లోపం కాదు, అక్కడి అందమే అది.

ఆలస్యాన్ని చెప్పే మన మాటల్లో నిందించేవి, నిందించనివి అని రెండు తెగలున్నాయి. సంస్కృతంలో ‘ఆలస్యం’ అంటే సోమరితనం, అలసుడి గుణం. తెలుగులో అది కేవలం జాగు అనే అర్థానికి మారినా, ‘ఆలస్యం అమృతం విషం’ అన్నప్పుడు పాత నింద కొంచెం తగులుతూనే ఉంటుంది. తాత్సారం, నాన్చుడు, కాలయాపన మరీ నేరుగా మనిషిని తప్పుపడతాయి. ఇంగ్లీషులో ‘డిలేటరీ’ అనే విశేషణం ఈ తెగదే. కావాలని సాగదీసేవాడిని, కోర్టులో అసలు విషయానికి రాకుండా అడ్డు అభ్యంతరాలతో కాలం గడిపే వాదనను అలా అంటారు. విలంబం ఎవరినీ నిందించదు. సస్పెన్స్ విశేషణం కూడా నిందించదు. అందుకే ఆలస్యం పాలు ఎక్కువగా ఉన్న చోట విలంబం దానికి అన్నిటికంటే దగ్గరి మాట అంటాను.

సందేహం వైపుకు వస్తే తెలుగు ఇంకా సంపన్నమైనది. ‘ఊగిసలాట’ కంటే మంచి మాట నాకు కనబడదు. డోలాయమానం అన్నా అదే, డోల అంటే ఉయ్యాల. సందేహానికి అమరకోశం ఇచ్చిన పేర్లు విచికిత్స, సంశయం, సందేహం, ద్వాపరం. వీటిలో ద్వాపరం రెండు అన్న సంఖ్య నుంచి పుట్టింది, ఇంగ్లీషు ‘డౌట్’ కూడా లాటిన్‌లో రెండు అనే మాట నుంచే పుట్టింది. మనసు రెండుగా ఉండడం సందేహమని ఇద్దరికీ తోచింది. సంశయంలో పడుకోవడం అనే ధాతువు, సందేహంలో పూయడం అనే ధాతువు ఉన్నాయి. వేలాడడం మాత్రం వీటిలో లేదు, అది ఊగిసలాటలోనే ఉంది.

రెండూ కలిసిన మాట కావాలంటే త్రిశంకువు దగ్గరికి వెళ్లాలి. రామాయణం బాలకాండలో, బొందితో స్వర్గానికి పోయిన త్రిశంకువును ఇంద్రుడు తలకిందులుగా తోసేస్తే, పడిపోతూ అతను పెట్టిన కేక విని విశ్వామిత్రుడు ‘తిష్ఠ తిష్ఠ’ అని మధ్యలో నిలిపేశాడు. స్వర్గం చేరలేదు, నేల మీద పడలేదు. తనంతట తాను నిలవలేదు, నిలపబడ్డాడు. ఏ పార్టీకీ మెజారిటీ రాని శాసనసభను మన పత్రికలు త్రిశంకు సభ అని రాయడం ఎంత చక్కని తెలుగు! అటు ఇంగ్లీషులో దాన్ని ‘హంగ్’ అంటారు, అదీ వేలాడడమే. పోతే, వాక్యంలో ప్రతిచోటా త్రిశంకువును తీసుకురాలేం కనుక, ఎవరైనా మిల్టన్‌ను తెలుగు చేయబోతే ఒకే మాటకు పట్టుబట్టవద్దని నా సలహా. సూర్యుడి దగ్గర ‘నీ గొంతుకు కట్టుబడి, ఆకాశంలో విలంబించి వింటున్నాడు’ అనవచ్చు. బీల్జిబబ్ దగ్గర ‘ఎదురుచూపు అతని చూపును ఎటూ వాలనీయలేదు’ అనవచ్చు. దేవదూతల దగ్గర ‘ఎటూ తేల్చుకోలేక’ అంటే చాలు.

ప్రశ్న: విజయవాడ పటమట. పెండింగ్, పెన్షన్, సస్పెన్షన్, సస్పెన్స్ ఇవన్నీ ఒకే కుటుంబమని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? పెన్షన్‌కు వేలాడడంతో ఏం పని?

జవాబు: నిజమే. లాటిన్‌లో వేలాడడానికీ, తూచడానికీ, చెల్లించడానికీ ఒకే కుటుంబపు క్రియలున్నాయి. ఇందులో విచిత్రమేమీ లేదు. కాటా వేసే చోట పది నిమిషాలు నిలబడితే కళ్లకు కడుతుంది. ఎలక్ట్రానిక్ కాటాలు రాకముందు గుంటూరు మిర్చి వ్యాపారంలో టిక్కీని, అంటే మిర్చి బస్తాను, తూచడం చూసినవారు ఇంకా ఉన్నారు. దూలానికి వేలాడే కాటాకు టిక్కీ తగిలించగానే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ముల్లు నిలిచే దాకా రైతూ, కొనేవాడూ, గుమాస్తా ముగ్గురూ మాట్లాడరు. నిలిచిన తరువాత బరువు పలుకుతారు, బరువును బట్టి డబ్బు లెక్క కడతారు. వేలాడదీయడం, ఊగడం, తూగడం, చెల్లించడం వరసగా ఒకే పనిలో భాగాలు. నాణేలను లెక్కపెట్టడం కాక లోహాన్ని తూచి ఇచ్చే రోజుల్లో తూచడమంటేనే చెల్లించడం. అలా చెల్లించిన మొత్తం లాటిన్‌లో ‘పెన్సియో’ అయి, అదే మన నోట పెన్షన్ అయింది.

ఈ సంబంధం తెలుగు మాటలోనే దాగి ఉంటే మనం అంతగా గమనించం. ‘తూగు’ అనే క్రియను చూడండి. తూగుటుయ్యాలలో అది ఊగడం, నిద్రమత్తులో తూగడంలో అది అటూ ఇటూ ఒరగడం, కిలోకు తూగడంలో అది బరువు. దాని నుంచే తూకం, తూనిక. లాటిన్‌లో ఉన్న ముడి తెలుగు ధాతువులోనూ ఉంది. మిల్టన్ నాటి విశేషణం నాకు ముల్లు నిలవని ఆ కాటాలా కనిపిస్తుంది. ముల్లు ఊగుతున్నంతసేపు బరువు సందేహం, డబ్బు ఆలస్యం.

పెండింగ్ అంటే ఇంకా వేలాడుతున్నది. ఫైలు వేలాడుతోందని, పని వేలాడేశారని మనం తెలుగులో అంటూనే ఉన్నాం. ఉద్యోగిని సస్పెండ్ చేయడం శిక్ష కాదని, విచారణ తేలే వరకు విధుల నుంచి ఆపి ఉంచడమేనని సర్వీసు నిబంధనలు తెలిసినవారు చెబుతారు. అందుకే ఆ కాలంలో జీవనభృతి ఇస్తారు. ఇలా పదవినుంచో హక్కునుంచో కొంతకాలం పక్కన పెట్టడమన్నది ఆ క్రియకు ఇంగ్లీషులో ఉన్న అతి పాత అర్థాల్లో ఒకటి. పిల్లల మందు సీసా మీద ‘సస్పెన్షన్’ అని ఉంటే, పొడి కరగకుండా, అడుగున పూర్తిగా పేరుకోకుండా ద్రవంలో తేలుతూ ఉంటుందని అర్థం, బాగా కుదిపి తాగించమనేది అందుకే. బండి సస్పెన్షన్ పేరు కూడా, గుర్రపు బగ్గీల పెట్టెను తోలు పట్టీలతో వేలాడదీసిన కాలం నుంచి అర్థమవుతుంది.

ప్రశ్న: గుంటూరు కొత్తపేట. మా నాన్నగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. భవిష్యనిధి సొమ్ములో కొన్ని నెలల చందా రాలేదని అర్జీ పెడితే, ఒక కార్యాలయం నుంచి తెలుగులో జవాబు వచ్చింది. ‘మీ చందా మొత్తాలు అనుమానాస్పద ఖాతాలో ఉన్నందున చెల్లింపు నిలిపివేయడమైనది’ అని అందులో ఉంది. ఆ మాట చదివిన దగ్గర నుంచి ఆయనకు నిద్ర లేదు. ‘నా మీద అనుమానమా, నేనేం తప్పు చేశాను’ అని అడుగుతున్నారు. మేము ఏమని చెప్పాలి?

జవాబు: ముందుగా ఆయనకు ఇది చెప్పండి. ఆయన మీద ఎవరికీ అనుమానం లేదు, ఆ డబ్బు మీద కూడా లేదు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినవారు ‘సస్పెన్స్’ అన్న మాటను ‘సస్పెక్ట్’కు చుట్టంగా పొరబడ్డారు. ఆ రెండూ వినడానికి దగ్గరగా ఉన్నాయి కానీ వాటి ధాతువులు వేరు. సస్పెక్ట్‌లో ఉన్నది చూడడమనే లాటిన్ ధాతువు, కింది నుంచి ఓరగా చూడడం. సస్పెన్స్‌లో ఉన్నది వేలాడదీయడం. పోలీసు స్టేషనులో సస్పెక్ట్ షీటు తెరవడం గురించి పత్రికల్లో చదివిన మనిషికి ‘అనుమానాస్పద ఖాతా’ అంటే అదే గుర్తుకు రావడంలో ఆశ్చర్యమేముంది? ఒక్క మాట తప్పుగా తెలుగు చేసినందుకు ఒక పెద్దాయన రాత్రుళ్లు నిద్ర పోగొట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. సస్పెన్స్‌లో సందేహం ఉన్నమాట నిజమే. ఆ సందేహం మనిషి నడత మీద కాదు, సొమ్ము ఏ ఖాతాలో వేయాలన్న దాని మీద.

సాధారణంగా జరిగేది ఇది. జీతంలో చందా మినహాయిస్తారు, ఆ సొమ్ము వెళుతుంది. జాబితాలో ఖాతా నంబరు తప్పుపడటం వల్లనో, జాబితా అందకపోవడం వల్లనో అది ఎవరిదో తేలదు. తేలని సొమ్మును పారవేయరు, ఇంకొకరికి ఇవ్వరు, తేలే దాకా విడిగా ఉంచుతారు. దీనికి తెలుగులో ఎప్పటి నుంచో పేరుంది, ‘అనామతు ఖాతా’. అరబ్బీ, పారసీల నుంచి మనకు వచ్చిన అనామతు అనే మాటకు మూలం ‘అమానత్’, అంటే నమ్మి అప్పగించిన సొమ్ము. ఇంగ్లీషు మాటలో వేలాడడం ఉంటే, మన మాటలో నమ్మకం ఉంది. పదిలంగా దాచమని ఒకరి చేతిలో పెట్టిన దాన్ని అనుమానాస్పదం అనడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. పై ప్రశ్నల్లో ఒకటి పంపిన కామర్సు మాస్టారి పాఠంలో ఉన్న మాటే ఇది, మన ఊళ్లో ఇంటర్మీడియట్ చదివిన పిల్లవాడికి కూడా తెలిసినది.

చేయవలసింది ఏమిటంటే, సొమ్ము రాని నెలలు ఏవో గుర్తించి, ఆ నెలల్లో జీతం డ్రా చేసిన కార్యాలయం నుంచి మినహాయింపు జాబితా నకళ్లు, ట్రెజరీ ఓచరు నంబరు, తేదీ తీసుకుని, ఖాతా నంబరు స్పష్టంగా రాసి మళ్లీ అర్జీ పెట్టండి. ఆ అర్జీలోనే, జవాబులో వాడిన మాట మార్చవలసిందిగా గౌరవంగా అడగండి. ఎలా మార్చాలో తెలియకపోతే ఈ వాక్యాలు రాసి పంపండి, మీ నాన్నగారికి కూడా చదివి వినిపించండి: ‘మీ జీతం నుంచి మినహాయించిన ఈ చందాలు మీ ఖాతా నంబరుతో సరిపోలనందున, మీ పేరున జమ చేయడం ఆలస్యమైనది. వివరాలు అందే వరకు ఈ సొమ్ము అనామతు ఖాతాలో భద్రంగా ఉంచబడినది. అందిన వెంటనే మీ ఖాతాకు జమ చేయబడును.’